తోక మాటలు

గ్రిమ్స్‌బీ ఆసుపత్రి మూడో అంతస్తులో నా గది.
కిటికీ తెరిస్తే చేపల వాసన, మూసినా చేపల వాసనే.
మంగళవారం రెండున్నరకి విల్ఫ్ స్కెల్టన్ వస్తాడు.
డెబ్భై తొమ్మిదేళ్ళు. చచ్చుపడ్డ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటాడు,
ఎవరి పిల్లనో కాసేపు ఎత్తుకున్నట్టు.

మెదడులో నెత్తుటి గడ్డ ఒకటి
అతని క్రియలన్నీ ఊడ్చుకుపోయింది.
తినడం, తాగడం, వల లాగడం, తలుపు గడియ పెట్టడం
ఒక్కటీ నోటికి రాదు.
మిగిలినవి తోక మాటలు,
ఓడ మునిగాక కూడా అక్కడే గిరికీలు కొట్టే సీగల్ పక్షులు:
యాక్చువల్లీ, ప్రాబబ్లీ, నియర్లీ.

భోంచేశారా అంటే, ప్రాబబ్లీ.
నొప్పిగా ఉందా అంటే, హార్డ్‌లీ.
విచిత్రమైన మాట అది. హార్డ్ అంటే గట్టి.
లీ అని తోక తగిలించగానే గట్టిదనమంతా జారిపోయి
ఉందా లేదా అన్నంత సన్నం.
ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నాను. ఎందుకలాగో నాకూ తెలీదు.

భార్య ఈనిడ్ మూలకుర్చీలో కూచుని
ఆవరంగు మేజోడు అల్లుతుంటుంది. ఎప్పుడూ ఒకటే, రెండోది చూడలేదు.

ఆ రోజు స్టాప్ వంతు వచ్చింది.
బల్ల మీద రెండు బొమ్మలు పెట్టాను.
ఒకదాంట్లో నడిచే మనిషి ఆగి చూస్తున్నాడు: స్టాప్ట్ టు లుక్.
రెండోదాంట్లో చూసిన మనిషి మొహం తిప్పుకున్నాడు: స్టాప్ట్ లుకింగ్.
మధ్యలో టు అన్న చీపురుపుల్లంత మాట.
అది ఉంటే వెతకడానికి ఆగారు.
లేకపోతే వెతకడం ఆపేశారు.

సూదుల చప్పుడు ఆగిపోయింది.

ఈనిడ్ చెప్పింది, నాకు కాదు, మేజోడుకి చెప్పినట్టు:
ఆ ఫిబ్రవరికి తనకి పద్దెనిమిది.
ఐస్‌లాండ్ పైనెక్కడో, లేడీ మేబెల్ డెక్కు మీంచి
అన్న నెవిల్‌ని అల ఒకటి తీసుకుపోయింది.
కబురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కుర్రాడు ఈ విల్ఫే.
టోపీ చేతుల్లో నలిపేస్తూ ఏదో అన్నాడు.
అమ్మ కేక. పొయ్యి మీద కెటిల్ కూత.
స్టాప్ట్ వినపడింది, లుక్ వినపడింది.
మధ్యలో ఏముందో, చివర ఏముందో ఆవిరిలో పోయింది.

ఆ కుర్రాణ్ణే చేసుకుంది.
ముగ్గురు పిల్లలు, రెండు ఇళ్ళు, ఒక దివాలా.
యాభై ఏడేళ్ళు పక్కపక్కనే పడుకుని
అడగలేదు.
అడిగితే ఒక క్రియ చెప్పాల్సి వస్తుంది కదా అంది.

"ఇప్పుడు అడుగు, నీ బొమ్మలతో."

నా ఉద్యోగంలో ఇది లేదు. అయినా
రెండు కార్డులూ అతని ఎడమచేతి వైపు జరిపాను.
విల్ఫ్ చాలాసేపు చూశాడు. గోరు కింద ఇప్పటికీ
తారు నలుపు.
మొదటి కార్డు ముందుకి తోశాడు.
"ఫస్ట్‌లీ," అన్నాడు.
ఊపిరి తీసుకున్నాడు. రెండోదీ తోశాడు, దానికన్నా మెల్లగా.
"ఈవెంచువల్లీ."

క్రియ లేదు. కర్త లేడు.
వాక్యం మాత్రం పూర్తయింది.

ఈనిడ్ కుర్చీ దగ్గరకి లాక్కుంది.
"ఎంతసేపు విల్ఫ్? ఎంతసేపు చూశారు?"

పెదవి వంకరపోయింది, మాట కోసం గొంతులో తవ్వాడు.
"లాంగ్," అన్నాడు. చాల్లేదు. తల అడ్డంగా ఊపాడు.
"లాంగ్‌లీ. లాంగ్‌లీ. లాంగ్‌లీ."

ఇంగ్లీషులో ఆ మాట లేదు.
ఆ తోక దానికి పెట్టరు, పెడితే దిద్దాలి,
దిద్దడానికే నాకు జీతం.
ఫారంలో ఒప్పు, తప్పు అని రెండు గళ్ళున్నాయి.
పెన్ను మూత పెట్టేశాను.

ఈనిడ్ అతని కోటు గుండీలు పెడుతోంది,
ఒకటి తప్పి, పైనుంచి మళ్ళీ మొదలెట్టింది.
మూడూ నలభై బస్సు నియర్లీ వెళ్ళిపోయింది.